మొదటి కబురు, రెండో కబురు

మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. కోపం వల్ల కాదు, మగ్గాల వల్ల. సూరత్‌లో వడోద్ దగ్గర మేముండే గల్లీలో సగం ఇళ్ళకు కింది అంతస్తులో పవర్‌లూమ్ షెడ్లున్నాయి. ఆ చప్పుడు పగలూ రాత్రీ గోడల్లోంచి వస్తూనే ఉంటుంది. మా అత్తమ్మ కొత్త పెళ్ళికూతురిగా సిరిసిల్ల వైపు నుంచి ఇక్కడికి వచ్చి, మోకాళ్ళు అరిగేదాకా షెడ్డులో కండెలు చుట్టింది. ఆమె వినికిడి సగం అక్కడే పోయింది. మా ఆయన మీసాలు రాకముందే మగ్గం నేర్చి, తర్వాత ఫిట్టరయ్యాడు. నేను పుట్టింది కూడా అలాంటి ఇంట్లోనే. మున్సిపాలిటీవాళ్ళ తెలుగు బడిలో చదువుకుని, ఆ తర్వాత కాలేజీకి వెళ్ళి బీకాం చేశాను. చదువు వచ్చింది కానీ గొంతు మారలేదు.

మగ్గాల మధ్య పెరిగినవాళ్ళకు రెండు అలవాట్లు ఉంటాయి. నోరు తెరిస్తే అవసరమైన ముక్క ఒక్కటే, గట్టిగా అరుస్తారు. లేకపోతే చేతులతో చెప్తారు. దారం తెగిందనడానికి ఒక సైగ, సేటు వస్తున్నాడనడానికి ఒక సైగ. బాగున్నావా, నిద్రపట్టిందా, ఇంట్లో అందరూ కులాసాయేనా, ఇలాంటివి ఆ చప్పుడులో ఎవరూ అడగరు. అడిగినా వినపడదు.

ఇది ఒక లోపమని నాకెప్పుడూ తోచలేదు. అబిజాన్ నగరంలో బట్టలమ్మే ఒక పెద్దావిడ, ఫోన్‌లో నా మొదటి ఫ్రెంచ్ వాక్యం విని ముఖం వెనక్కి జరిపేదాకా.

"ఎవరి మీద కోపం నీకు?" అందామె.

మా ఆయన ఐవరీకోస్ట్ వెళ్ళింది కరోనాకు ముందటి దీపావళి తర్వాత. సూరత్ శివార్లలోని సచిన్‌లో ఆయన పనిచేసే చోట సేటు పాత మగ్గాలు కొన్ని అక్కడి మిల్లుకు అమ్మాడు. వాటిని బిగించి, నడిపించి, అక్కడివాళ్ళకు నేర్పించాలి. ఇద్దరు ఫిట్టర్లు కావాలంటే ఈయనా, ఇక్కడే కోసాడ్‌లో ఉండే మా వైపు కుర్రవాడొకడూ ఒప్పుకున్నారు. ఆ మిల్లున్న ఊరు అక్కడి పెద్ద నగరం అబిజాన్‌కు చాలా దూరం, లోపలెక్కడో. ఎండాకాలంలో వచ్చి నన్నూ పాపనూ తీసుకెళ్తానన్నాడు.

అక్కడ మాట్లాడేది ఫ్రెంచ్ అని తెలిసిన రోజున నాకు మొదట వచ్చిన ఆలోచన, పాపకు జ్వరమొస్తే డాక్టర్‌కు ఏమని చెప్పాలి అని. నా ఆలోచనలన్నీ అలాగే మొదలవుతాయి. గ్యాస్ కట్టేశానో లేదోనని లేచి చూసొచ్చి, పడుకుని, మళ్ళీ లేచే మనిషిని. పాప నిద్రలో దగ్గితే ఆ తర్వాతి దగ్గు కోసం చెవులు రిక్కించి కూర్చుంటాను. అందుకే పెట్టె సర్దుకోవడానికి ముందే భాష మొదలుపెట్టాను.

ఫోన్‌లో పాఠాలు చాలా ఉన్నాయి. చదివితే అర్థమయ్యేది, మాట్లాడబోతే నాలుక కదిలేది కాదు. అప్పుడే, ఒకరి భాష ఒకరు నేర్పుకునేవాళ్ళను కలిపే యాప్ ఒకటి దొరికింది. ఆ పెద్దావిడ అందులోనే దొరికింది. అబిజాన్ మార్కెట్‌లో కొట్టు. పెద్దపెద్ద పువ్వుల గుడ్డలు అమ్ముతుంది, అందులో సగం సరుకు సూరత్‌ది. టీవీలో ఫ్రెంచ్‌లోకి మార్చిన హిందీ సీరియళ్ళు అన్నీ చూసింది.

"మీవాళ్ళు ఎలా ఏడుస్తారో నాకు పూర్తిగా తెలుసు," అంది. "ఎలా బేరమాడతారో తెలీదు. అది నేర్పు."

అరగంట నేను హిందీ, అరగంట ఆమె ఫ్రెంచ్. పేరు పెట్టి పిలవబోతే ఒప్పుకోలేదు. "తాంతీ అను," అంది. అక్కడ మార్కెట్‌లో వయసు మళ్ళిన ఏ ఆడమనిషైనా తాంతీయే, మనం పెద్దమ్మా అన్నట్టు.

తాంతీ వ్యాకరణం చెప్పేది కాదు. ఒక సందర్భం చెప్పి, నన్ను అందులోకి తోసేది. "నేను డాక్టర్ని, నువ్వు పాపను తీసుకొచ్చావు, మొదలుపెట్టు." నేను మొదలుపెట్టేదాన్ని: పాపకు జ్వరం, నిన్నటి నుంచి, మందు కావాలి. ఒక్క తప్పు లేకుండా చెప్పానని లోలోపల మురిసిపోయేదాన్ని.

"డాక్టర్ వెళ్ళిపోయింది," అనేది తాంతీ.

"ఎందుకు?"

"నువ్వు పలకరించలేదు. ఆమె చెట్టా, గోడా?"

అలా ఒక్కో మెట్టూ నేర్పింది. ముందు బోంజూర్. అది అన్నాక ఎదుటి మనిషి బోంజూర్ అనేదాకా ఆగాలి. తర్వాత, నిద్ర బాగా పట్టిందా. తర్వాత, ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారు. అడిగి ఊరుకోకూడదు, జవాబు వినాలి. ఎవరింటికైనా వెళ్తే ముందు నీళ్ళిస్తారు, అవి తాగాలి. అప్పుడు ఇంటివాళ్ళు "లే నువెల్?" అని అడుగుతారు. ఏం కబుర్లు, ఎందుకొచ్చావు అని. దానికి మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే. "రియాఁ ద గ్రావ్." భయపడాల్సిందేమీ లేదు, మిమ్మల్ని పలకరించి పోదామని వచ్చాను. అది మొదటి కబురు. వాళ్ళు సరేనని, ఇంకేమైనా ఉందా అని అడిగాక, అసలు సంగతి రెండో కబురుగా చెప్పాలి.

"ఇల్లు తగలబడుతున్నా ఇంతేనా?" అన్నాను.

"తగలబడుతుంటే నీళ్ళు కాస్త గబగబా తాగు."

"భయపడాల్సింది ఉన్నప్పుడు లేదని చెప్పడం అబద్ధం కదా తాంతీ."

"కబురు వినేవాళ్ళ గుండె నిలబడి ఉంటుంది. దాన్ని కూర్చోబెట్టాలి కదా. అందుకు."

నాకు ఆ మాట నచ్చింది గానీ పద్ధతి వంటబట్టలేదు. మా అత్తమ్మకైతే అసలు గిట్టలేదు. వంటింట్లో కూరగాయలు తరుగుతూ అన్నీ వినేది. అర్థం తెలియకపోయినా ఏం జరుగుతోందో పట్టేసింది.

"ఏందే, గంటసేపు బాగున్నవా బాగున్నవా అనుకునుడేనా? పనికొచ్చే ముచ్చట ఎప్పుడు మాట్లాడుతరే మీరు?"

"గట్లనే మాట్లాడాలంట అత్తమ్మా."

"గట్లయితే మా షెడ్డుల ఒక్క మీటరు బట్ట దిగకపోవు."

పాప మాత్రం వెంటనే నేర్చుకుంది. పాలవాడు తలుపు కొడితే "బోంజూర్, కేమ్ ఛో?" అనేది. అతను పాలు పోస్తూ గుజరాతీలోనే "మజామా," బాగున్నాను, అనేవాడు, మొదటి ముక్క ఏమిటో అడక్కుండానే.

మా ఆయన సాయంత్రం అక్కడి చాయ్ వేళకు మిల్లు లోపలి నుంచే వీడియో కాల్ చేసేవాడు. వెనకాల మగ్గాల హోరు. మాట్లాడినంతసేపు అరుచుకుని, చివర్లో మాత్రం చేతులతో చెప్పేవాడు. షెడ్డులో పనివాడు మగ్గం వదిలి బయటికి పోయేటప్పుడు పక్కవాడికి చేసే సైగ అది. అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది, తన ఛాతీ తాకి, చేతులతో రెండు పక్కలా మగ్గాలను చూపించి, వేళ్ళు కళ్ళ దగ్గర పెట్టడం. నా మగ్గాలు చూస్కో అని. రెండోది, ఎందుకు పోతున్నాడో చెప్పడం. ఇంటికి పోతుంటే చెంప కింద చెయ్యి. చాయ్‌కైతే అరచేతిని సాసర్‌లా వంచి నోటి ముందు పెట్టుకుని ఊదడం. ఇక్కడ అందరూ చాయ్ సాసర్‌లో పోసుకునే తాగుతారు కదా. రెండో భాగం చేస్తేనే పక్కవాడు తలూపుతాడు. ఎంతసేపు చూడాలో తెలియాలి మరి.

మా ఆయన రోజూ రెండు భాగాలూ చేసి ఫోన్ పెట్టేవాడు. ఫ్రెంచ్ ఎంత వచ్చిందని అడిగితే నవ్వేవాడు.

"రెండు ముక్కలొస్తయ్. దారం తెగింది, ఆపు. గంతే. మిగిలింది నువ్వొచ్చి మాట్లాడు."

ఆ ఎండాకాలం ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. విమానాలు ఆగాయి. మా గల్లీలో మగ్గాలు ఆగాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా ఇంట్లో గడియారం చప్పుడు విన్నాను. అయినా మేం అరుచుకునే మాట్లాడుకున్నాం, అలవాటు పోక. మా వైపు కుటుంబాలు కొన్ని దొరికిన బండి పట్టుకుని ఊళ్ళకు వెళ్ళిపోయాయి. అత్తమ్మ పోదామనలేదు. కొడుకు ఫోన్ చేస్తే సిగ్నల్ ఈ ఇంట్లోనే బాగుంటుందని ఆమె నమ్మకం. అక్కడ అబిజాన్‌కు రాకపోకలు మూసేశారు. తాంతీ కొట్టు మూతపడి ఇంట్లో కూర్చుంది. పాఠాలు పెరిగాయి. నేర్చుకుంటున్నది ఎందుకో తెలియకుండా నేర్చుకుంటూనే ఉన్నాను. ఆగితే భయం మొదలవుతుంది.

వానలు మొదలయ్యే రోజుల్లో మా ఆయనకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేనన్నాడు. మరుసటి రోజు ఫోన్ చేయలేదు. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం కోసాడ్ కుర్రవాడు చేశాడు.

"వదినా, జర కూసోని విను. అన్నను దవాఖానల షరీకు చేసిన్రు. దమ్ము ఆడతలేదని ఆక్సిజన్ పెట్టిన్రంట. మమ్ముల రూములకెంచి బయటికి రానిస్తలేరు. మేనేజరు సాబ్‌కు కూడ అదే బీమారి, ఆయన గొంతే లేస్తలేదు."

"మీ అన్నతోటి మాట్లాడించు."

"ఫోన్ అన్న కాడనే ఉన్నది గని చార్జర్ ఈడ రూములున్నది. వార్డుల చుట్టాల కోసం ఒక ఫోన్ పెట్టిన్రు, గా నంబర్ పంపుతున్న. నేను జేస్తే ఏందో అంటున్నరు, నాకు తెలుస్తలేదు. నీకైతే వస్తది గద వదినా."

నాకైతే వస్తుంది. ఆ మాట వినగానే నాకు వచ్చిందంతా పోయింది. ఒక్కటే గుర్తొచ్చింది. పాప పుట్టిన ఏడాది, కాలికి దెబ్బ తగిలి చీము పడితే ఇక్కడ పాండేసరాలో ఒక డాక్టర్ మా ఆయనకు ఇంజెక్షన్ ఇచ్చాడు. నిమిషాల్లో మొఖమంతా ఉబ్బింది, గొంతు మూసుకుపోయింది. విరుగుడు ఇంజెక్షన్లతో ఆ డాక్టరే నిలబెట్టాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, పెనిసిలిన్, ఆ జాతి మందేదీ ఈ మనిషికి పడదు, ఎక్కడికి పోయినా ముందు ఇది చెప్పండి అన్నాడు. మా ఆయనకు ఆ పేరు నోరు తిరగదు. సూది పడదు అంటాడు, అంతే. ఇప్పుడు ఆ మాటైనా ఎవరికి, ఏ భాషలో చెప్తాడు?

నంబర్ రాగానే చేశాను. ఒక ఆడగొంతు పలికింది. నేను అరిచాను. నా భర్త, ఇండియా, పెనిసిలిన్ వద్దు, పెనిసిలిన్ వద్దు. అవతల ఏదో అంది. నేను ఇంకా గట్టిగా అరిచాను. ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేశాను. ఈసారి ఆమె మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి, "బోంజూర్, మదామ్," అంది. నేను ఆ మాట మీదుగానే మందు పేరు అరిచాను. మళ్ళీ పెట్టేసింది. మూడోసారి ఎవరూ ఎత్తలేదు.

అత్తమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. "ఏమన్నరే?"

"ఏం అనలే. పెట్టేసిన్రు."

"పెట్టేసుడేంది. నా కొడుకు ఆడుంటే పెట్టేసుడేంది. మల్ల జెయ్యి. గట్టిగ అడుగు."

నేను తాంతీకి చేశాను. ఆమె ఎత్తగానే ఏడ్చేశాను. ఏ భాషలో చెప్పానో తెలియదు, హిందీ, ఫ్రెంచ్, తెలుగు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఆమె మధ్యలో ఒక్కసారీ అడ్డుపడలేదు. నంబర్ పంపమని, పెట్టేసింది. కాసేపటికి తిరిగి చేసింది.

"ఆ నర్సుతో మాట్లాడాను. అక్కడే ఉన్నాడు. అంతకుమించి నాకు చెప్పరట, నేను కుటుంబం కాను. నేను చెప్పే మందు సంగతి కూడా రాసుకోదట. ఎవరో తెలియని మనిషి ఫోన్‌లో చెప్తే వైద్యం మార్చలేం అంది. నిజమే కదా. భార్య చెప్తే వింటానంది."

"నేను చెప్పాను తాంతీ. వినలేదు."

"నువ్వు బోంజూర్ అన్నావా?"

ఫోన్‌లో ఆమెకు కనపడదని మరిచి, తల అడ్డంగా ఊపాను.

"ఇందాకటి నుంచి ఎవరో ఒకావిడ ఫోన్ చేసి తిడుతోందని చెప్పింది ఆ పిల్ల. రాత్రంతా డ్యూటీ చేసి, పగలు చేయాల్సినవాళ్ళు రాక ఇంకా అక్కడే ఉందట. విను బిడ్డా. ఆ తిట్టే ఆవిడ వేరే ఎవరో అనుకోనీ. ఈయన భార్య చక్కగా ఫ్రెంచ్ మాట్లాడుతుందని నేను చెప్పేశాను. నా పరువు నీ చేతిలో ఉంది. ముందు నీళ్ళు తాగు, అప్పుడు చెయ్యి."

ఆ వారమే మా గల్లీలో కొన్ని మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. ఇంట్లోంచి మాట్లాడితే అరవక తప్పదు. డాబా మీదికి వెళ్ళాను. వెనకే అత్తమ్మ, ఆమె చంకలో పాప. సన్నగా తుంపర పడుతోంది. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడింది. తను మాట్లాడితే పని చెడుతుందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది.

"అలో," అంది నర్సు. గొంతులో విసుగు.

"బోంజూర్, మదామ్," అన్నాను. ఆగాను.

ఆ ఆగడం ఎంత కష్టమో ఎలా చెప్పను. గొంతులో మందు పేరు అడ్డంగా ఉంది. ఆ క్షణంలోనే ఎవరో ఆయన మంచం దగ్గరికి సిరంజి తీసుకెళ్తున్నట్టు నాకు కనిపిస్తోంది.

"బోంజూర్, మదామ్," అంది ఆమె.

ఇండియా నుంచి, సూరత్ అనే ఊరి నుంచి మాట్లాడుతున్నానని చెప్పాను. నిద్ర పట్టిందా అని అడిగాను. ఆమె చిన్నగా నవ్వింది, నిద్ర ఎక్కడిదమ్మా అంది. ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారన్నాను. పిల్లాడు వాడి అమ్మమ్మ దగ్గరున్నాడట. ఈ వార్డులో వేసినప్పటి నుంచి వాణ్ణి ముట్టుకోలేదట. ఎంత వయసన్నాను. మూడేళ్ళంది. నాకూ మూడేళ్ళ పాపే అన్నాను. నేర్చుకున్న వాక్యం అప్పజెబుదామని అడిగాను గానీ, ఆమె జవాబు నిజంగా విన్నాను. వాణ్ణి కిటికీలోంచి చూసి వస్తానని ఆమె అన్నప్పుడు నా ఊపిరి కొంచెం నెమ్మదించింది.

"లే నువెల్?" అని అడిగిందామె. ఏం కబురు అని.

"రియాఁ ద గ్రావ్," అన్నాను. భయపడాల్సిందేమీ లేదు, మిమ్మల్ని పలకరిద్దామని చేశాను. ఆ మాట అంటూ పిట్టగోడ పట్టుకున్నాను.

"బాగుంది. ఇంకేమైనా ఉందా?"

అప్పుడు చెప్పాను. మీ వార్డులో ఉన్న ఇండియా మనిషి మా ఆయనే. ఆయనకు పెనిసిలిన్ పడదు. ఒకసారి ఇచ్చారు, గొంతు మూసుకుపోయింది, చావు దాకా వెళ్ళొచ్చాడు. మెల్లగా, ఒక్కో మాటా. ఆమె మందు పేరు తిరిగి పలికింది. ఔనన్నాను. ఆమె గొంతు మారిపోయింది. లైన్‌లో ఉండండి అని ఎక్కడికో నడిచింది. చెప్పుల చప్పుడు, ఏదో బండి చక్రాలు, ఎవరిదో దగ్గు. ఆ దగ్గు ఆయనదా కాదా అని వింటూ నిలబడ్డాను. తుంపర వానయింది. అత్తమ్మ పాప తల మీద తన చెయ్యి కప్పింది.

చాలాసేపటికి వచ్చింది. "డాక్టర్ ఈ సాయంత్రం నుంచి మొదలుపెట్టమని ఒక ఇంజెక్షన్ రాశారు. ఆ జాతి మందే. ఆపేశాం. వేరేది ఇస్తారు." కాస్త ఆగి, "మంచి పని చేశారు మదామ్," అంది. తర్వాత తనంతట తనే, "చూస్తారా?" అని వీడియో పెట్టింది.

మాస్క్ కింద సగం మొఖం. గడ్డం పెరిగింది. కళ్ళు నా మీద నిలవడానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక చెయ్యెత్తి తన ఛాతీ తాకాడు. చేతిని అటూ ఇటూ కదిలించి, వేళ్ళు కళ్ళ దగ్గరికి తెచ్చాడు. నా మగ్గాలు చూస్కో. అంతే, చెయ్యి మంచం మీద పడిపోయింది. నర్సు, అలసిపోయాడు, రేపు ఇదే వేళకు చేయండి అని పెట్టేసింది.

వెనక్కి తిరిగితే అత్తమ్మ నా భుజం పక్కనే ఉంది. కొంగు నోట్లోంచి తీసింది.

"రెండోది చెయ్యలే," అంది.

"అలసిపోయిండంట అత్తమ్మా."

"ఏడికి పోతున్నడో చెప్పలే. చెప్పకుండ ఎన్నడు పోలే నా కొడుకు."

ఆమె అంత మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను. ఆ రాత్రి పాప ఒకసారి నిద్రలో కదిలితే ఇద్దరం ఒకేసారి లేచాం.

ఇది రాస్తున్నప్పుడు కూడా అందరూ పడుకున్నారు, కింద మగ్గాలు నడుస్తున్నాయి. ఆ మరుసటి రోజును తలచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ఫోన్ కాదు, స్టీలు గ్లాసు. ఫోన్ చేసే వేళకు అత్తమ్మ డాబా మీదికి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. "తాగినంకనే జెయ్యి," అంది. తాంతీ మాట ఆమెకు నేను చెప్పలేదు. చూసి నేర్చుకుంది.

అదే నర్సు. బోంజూర్ అన్నాను, ఆమె కూడా అంది. ఈసారి నిద్ర పట్టిందట. పిల్లాణ్ణి కిటికీలోంచి చూసిందట, వాడు చెయ్యి ఊపలేదట, అలిగాడట. అన్నీ విన్నాను. ఈసారి కబురు చెప్పాల్సింది ఆమె కాబట్టి నేనే అడిగాను. "లే నువెల్?"

"రియాఁ ద గ్రావ్, మదామ్," అంది.

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. భయపడాల్సిందేమీ లేదు. ఇది నిజంగా చెప్తోందా, మొదటి కబురు కాబట్టి చెప్తోందా? నిన్న నేను ఇదే మాట, ఇంతే నెమ్మదిగా, భయం దాచుకుని చెప్పాను కదా. నా గుండెను కూర్చోబెడుతోందా? కూర్చోబెట్టి ఏం చెప్పబోతోంది? అత్తమ్మ నా పెదవులనే చూస్తోంది. షెడ్డులో పెదవులు చూసి మాట పోల్చుకోవడం ఆమెకు అలవాటు. ఆమెకు కనపడకుండా ముఖం తిప్పుకున్నాను.

మిగిలిన నీళ్ళు తాగాను. "ఇంకేమైనా ఉందా?" అన్నాను.

"ఒకటుంది," అంది నర్సు. "తెల్లవారినప్పటి నుంచి ఒక వింత చేస్తున్నాడు. మాకు అర్థం కావడం లేదు. మాస్క్ పక్కకు లాగేసి, చెయ్యి నోటి ముందు పెట్టుకుని ఊదుతున్నాడు. ఊపిరి అందడం లేదేమోనని ఆక్సిజన్ పెంచాం. డాక్టర్‌ను పిలిచాం. చూస్తే అంతా నిన్నటికంటే బాగుంది. మళ్ళీ ఊదుతున్నాడు. నీళ్ళిస్తే వద్దంటున్నాడు. మా మీద కోప్పడుతున్నాడు కూడా. ఇది ఏ జబ్బు మదామ్? ఇంతకుముందు ఉందా?"

"చెయ్యి ఎలా పెడుతున్నాడు?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఆమె వీడియో పెట్టి తనే చేసి చూపించింది. ప్లాస్టిక్ గ్లౌజు వేసిన అరచేతిని వంచి, మాస్క్ ముందు పెట్టుకుని, అటూ ఇటూ చూసి, కాస్త సిగ్గుపడుతూ ఊదింది.

నా కంటే ముందు అత్తమ్మ అరిచింది. "చాయ్. చాయ్ తాగొస్త అంటున్నడే. గదే రెండోది, గదే."

ఆ అరుపుకి నర్సు ఫోన్ దూరంగా లాక్కుంది. పక్క డాబా మీద బట్టలు తీస్తున్నావిడ ఆగి మావైపు చూసింది. పాప అత్తమ్మ చంక దిగి, అరచెయ్యి వంచి, తనూ ఊదడం మొదలుపెట్టింది.

"ఆమె ఎవరు?" అంది నర్సు. "ఎందుకంత కోపం?"

"ఆయన అమ్మ. కోపం కాదు," అన్నాను. మిగతాది చెప్పడానికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. "అది జబ్బు కాదు మదామ్. ఆయన టీ అడుగుతున్నాడు."

ఆమె పక్కకు తిరిగి ఎవరికో చెప్పింది. ఆ వార్డులో ఇద్దరో ముగ్గురో నవ్వడం వినిపించింది. ఆమె కూడా నవ్వుతూ వచ్చి, డాక్టర్‌ను అడిగి ఇస్తామంది, ఎలా తాగుతాడు, ఏమేం వేయాలి అని అడిగింది.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని గుంజుతోంది. "పాలు పొయ్యమను. చక్కెర జర ఎక్కువెయ్యమను. జెల్ది చెప్పు."

"ఆగు అత్తమ్మా," అన్నాను. "ముందు ఆమె ఏమన్న తిన్నదో లేదో అడగనియ్యి."